పైపైన ముంచిన చెంబు

మా ఇంట్లో నా ఆఫీసు బట్టలకు వేరే బకెట్టు ఉంది. అది అమ్మ పెట్టిన నియమం. నాచారం పారిశ్రామికవాడలో నేను పనిచేసే ల్యాబులో రాతిపొడిలోంచి రాగి, సీసం, జింకు విడదీసే పరీక్షలు చేస్తాం. అందుకు వాడే జాంథేట్ అనే మందు కుళ్ళిన ముల్లంగి వాసన కొడుతుంది. ఒంటిని పట్టుకుందంటే సబ్బుకు లొంగదు. ఎప్పుడైనా మెట్రో ఎక్కినప్పుడు నా పక్క సీటు ఖాళీగా ఉంటే అది నా అదృష్టం కాదని చాలాకాలం క్రితమే అర్థమైంది. మా ఆయన కూడా పెళ్ళయిన కొత్తలో ఏమీ అనలేదు గానీ, ఇప్పుడు నేను గుమ్మం దాటగానే ఫ్యాను వేగం పెంచుతాడు.

ఆ వాసనంటే ఇష్టపడే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు, మా నాయిన. చిల్కానగర్‌లో మాది చిన్న ఇల్లు. కింద అమ్మా నాయినా, పైన మేమిద్దరం. వంట మాత్రం కిందే, అందరికీ కలిపి. సాయంత్రం నేను స్కూటీ ఆపేసరికి నాయిన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను పక్కనుంచి పోతుంటే ముక్కు ఎగబీల్చి, "ఇయ్యాల మందు జర ఎక్కువేసినట్టున్నరు" అని నవ్వేవాడు. నేను అవుననో కాదనో చెప్పేదాన్ని. అక్కడినుంచి మొదలయ్యేది మా ముచ్చట. అమ్మ లోపలి నుంచి, "ముందు ఆ బట్టలు ఇడువే తల్లీ, తర్వాత ఇద్దరూ కూసొని ఆ కంపు గురించి ఎంతసేపన్న మాట్లాడుకోన్రి" అని అరిచేది.

నాయిన ఉద్యోగమంతా ఒక అడవి అంచున ఉన్న రాగి గనిలో గడిచింది. గని లోపల కాదు, పైన మిల్లులో. రాయిని మరలో పిండి చేసి, నీళ్ళు కలిపి, మందులేసి, పెద్ద పెద్ద తొట్లలో అడుగు నుంచి గాలి ఊదుతారు. రాగి ఉన్న గింజలకు ఆ మందు అంటుకుని, అవి గాలిబుడగలను పట్టుకుని నురగతో పాటు పైకి తేలతాయి. ఉత్త రాయి అడుగున ఉండిపోయి నీళ్ళతో బయటకు పోతుంది. నురగను గీకి ఎండబెడితే సరుకు. బయటకు పోయేది చెత్త, దాన్ని మా పనిలో టెయిల్ అంటారు. నాయిన ఆ తొట్ల దగ్గర షిఫ్టు ఆపరేటరు. ఇంటరయ్యాక నేను ఏం చదవాలో తెలియక తికమకపడుతుంటే ఆయన ఒక్క మాటా అనలేదు. చివరికి నేను ఖనిజాల ఇంజనీరింగే ఎంచుకున్నప్పుడు మాత్రం కాలనీలో ఇంటింటికీ తిరిగి చెప్పొచ్చాడట.

గని మూతపడ్డాక క్వార్టరు ఖాళీ చేసి ఉప్పల్ దిక్కు వచ్చేశాం. సామాన్లలో సగం అక్కడే వదిలేసినా, ఒక స్టీలు బిందెను మాత్రం నాయిన బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. దాని మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలున్నాయి: ఉత్తమ షిఫ్టు. ఏ షిఫ్టు చెత్తలో రాగి అందరికన్నా తక్కువ పోయిందో వాళ్ళకు గనివాళ్ళు ఇచ్చిన బహుమానం. ఇప్పటికీ మా వంటింటి గట్టు మీద తాగే నీళ్ళు ఆ బిందెలోనే ఉంటాయి. ఫిల్టర్లోంచి పట్టి మళ్ళీ దాంట్లో పోస్తాడు. చుట్టాలెవరైనా మంచినీళ్ళు అడిగితే గ్లాసు కన్నా ముందు బిందె కథ వచ్చేది. "మా షిఫ్టుల ఏదీ వేస్టు కాకపోతుండె" అనేవాడు. ఆ మాట విని విని నాకు కంఠతా వచ్చేసింది.

ఒకరోజు ఆ గని చెత్త మా ల్యాబుకు వచ్చింది. ఒక కంపెనీ ఆ పాత చెత్తకుప్పను మళ్ళీ శుద్ధి చేసి, మిగిలిన రాగిని తీయాలనుకుంటోంది. పాతకాలపు మిల్లులు రాయిని అంత మెత్తగా విసరలేవు. ముతక గింజలో చిక్కుకున్న రాగి బయటపడక చెత్తలోకి పోయేది. ఇప్పుడు గోళీల్లాంటి పింగాణీ పూసలతో టాల్కమ్ పౌడరంత మెత్తగా నూరే మరలు వచ్చాయి. కంటికి ఆననంత చిన్న బుడగలు పుట్టించే కొత్తరకం తొట్లు వచ్చాయి. వీటితో ఆ చెత్తలోంచి ఎంత లాగగలమో తేల్చడం మా పని. గొట్టాలు దించి పై పొర నుంచి అడుగు పొర దాకా వరసగా తీసిన మట్టి సంచులు లారీలో దిగాయి. సంచుల మీద గని పేరు చూడగానే నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఇంటికి వెళ్ళి చెబితే నాయిన లేచి నిలబడ్డాడు. "మా మన్నే? మా చెరువుల మన్నే?" అన్నాడు. చెత్తనీళ్ళు పారి ఇంకిపోయే చోటును వాళ్ళు చెరువు అనేవాళ్ళు. ఒక చిటికెడు తెమ్మని అడిగాడు. మర్నాడు పాలిథిన్ కవర్లో పట్టుకొచ్చాను. అరచేతిలో పోసుకుని వేలితో రాసి, వాసన చూసి, అమ్మకు కూడా చూపించబోయాడు. "మన్ను జూసి మురిసే సంసారం నాదే ఉన్నది" అని అమ్మ చీపురు అందుకుంది. ఆయన ఆ మట్టిని పారబోయనివ్వలేదు, తులసికుండీలో వేశాడు.

పరీక్షలు బాగా జరిగాయి. ఏళ్ళ తరబడి గాలి తగిలి ఆ గింజల మీద తుప్పు పొర పేరుకుంది, అందుకని మొదట్లో మందు పట్టలేదు. నూరి, పొర వదలగొట్టి, మళ్ళీ మందు వేశాక కొత్త తొట్టిలో నురగ లేచింది. నల్లటి నురగ మీద పసుపుపచ్చని మెరుపు. మేం ఆశించినదానికన్నా ఎక్కువే వచ్చింది. మా సారు, అంటే ల్యాబు పెద్ద, గుంటూరు మనిషి, సంతోషమొస్తే అందరికీ బజ్జీలు తెప్పిస్తాడు. ఆ రోజు బజ్జీలు తిన్నాం.

చిక్కు వచ్చింది పొరల దగ్గర. కుప్ప మధ్యలో ఒక పట్టీ ఉంది. మిగతా పొరలకన్నా అక్కడ రాగి బాగా ఎక్కువ. కంపెనీవాళ్ళు పంపిన పాత రికార్డుల్లో మాత్రం ఆ పట్టీకి సరిపోయే ఏళ్ళే అన్నిటికన్నా గొప్పవి, చెత్తలో రాగి అతి తక్కువ పోయిన ఏళ్ళు. కాగితం ఒకటి చెబుతోంది, మట్టి ఇంకొకటి చెబుతోంది. కంపెనీవాళ్ళు మామీద అనుమానపడ్డారు. సంచులు కలగాపులగం చేశారా, మీ విశ్లేషణే తప్పా అని ఫోన్ల మీద ఫోన్లు. నాకు ముక్కు మీదే కోపం. నా చేత్తో చేసిన పరీక్షను తప్పంటే ఊరుకోలేను. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే వచ్చింది. ఈ చిక్కు తేలకపోతే పని చేజారేలా ఉందని సారు దిగులుపడుతుంటే, నేను నోరాగక, "మా నాయిన ఆ మిల్లులోనే పనిచేశారు సార్" అన్నాను.

సారు మొహం వెలిగిపోయింది. "మరి చెప్పవేంటమ్మా! అప్పట్లో టెయిల్ శాంపిల్ ఎలా తీసేవారో కాస్త కనుక్కో" అన్నారు.

ఆ సాయంత్రం నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది. బట్టలు మార్చుకుని, టీ నేనే పెట్టి, నాయిన పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. ఎందుకు అడుగుతున్నానో చెప్పలేదు. ఏదో గుర్తొచ్చినట్టుగా, "నాయినా, అప్పట్ల టెయిల్ శాంపిల్ ఎట్ల తీసేటోళ్ళు?" అన్నాను.

ఆయనకు అంతకన్నా పండగ లేదు. టీ పక్కన పెట్టేశాడు. "నోటితోని చెప్తే ఏమర్థమైతది, రా సూపెడ్త" అని వెనక వాకిట్లోకి నడిచాడు. అక్కడ అమ్మ పాలకూర కడిగిన నీళ్ళు టబ్బులో ఉన్నాయి. పైన పల్చటి మట్టినీళ్ళు, అడుగున ఇసుక. నాయిన చెంబు అందుకుని, మోకాళ్ళు నొప్పిపెడుతున్నా వంగి కూర్చుని, చేత్తో నీళ్ళను ఒక పక్కకు పారేలా కదిలించాడు.

"ఇది లాండరు అనుకో. చెత్త నీళ్ళు పోయే కాలువ. గంటగంటకు పోయి మగ్గు ముంచాలె. అడుగుదాక ముంచితే ఏమైతది? ఇసుక నిండుతది. మగ్గు బరువైతది. తీస్కపోయి పోస్తే కెమిస్టు తిడ్తుండె, జల్లెడ నిండిందని. మా పెద్దాపరేటరు నాకు నేర్పిండు, పైపైన ముంచు, అడుగు గెలకకు అని. సూడు, గిట్ల. చెంబు జర పండబెట్టాలె."

చెంబును పక్కకు ఒరిగించి నీటి మీద తేలగొట్టినట్టుగా ముంచాడు. లేపి చూపించాడు. ఒక్క ఇసుక రేణువు లేదు.

"మా షిఫ్టు శాంపిలు ఎంత సాఫ్ ఉంటుండె నీకెర్కనా? పాల లెక్క."

"మిగతా షిఫ్టులోళ్ళు?"

"వాళ్ళకేమొస్తది, ఎట్లవడితె గట్ల ముంచుడే. మాకు బిందెలిచ్చినంక మేనేజరు అందరికి చెప్పిండు, శాంపిలు తీసుడు వీళ్ళను జూసి నేర్సుకోన్రి అని. ఇగ నేనే అందరికి నేర్పిన."

మొదటిసారి ముంచినప్పుడే నాకు విషయం అర్థమైపోయింది. ముతక గింజలు బరువు. అవి కాలువ అడుగున దొర్లుతూ పోతాయి. నూరుడు చాలక రాగి చిక్కుకుపోయేదీ ఆ ముతక గింజల్లోనే. పైపైన ముంచితే రాగి లేని మెత్తటి మట్టే మగ్గులోకి వస్తుంది. పెళ్ళి పంక్తిలో పప్పుచారు పైనుంచి ముంచి పోస్తే ముక్కలన్నీ గంగాళం అడుగునే ఉండిపోయినట్టు. గనివాళ్ళు ఆ మగ్గు నీళ్ళు పరీక్షించి, చెత్తలో రాగి ఏమీ పోవడం లేదని నమ్మారు. అంతా బాగానే ఉందనుకుని రోజుకు ఇంకా ఎక్కువ రాయి పట్టించడానికి మరలో దాన్ని ఇంకా ముతకగా విసిరారు. ఇంకా ఎక్కువ రాగి చెరువులోకి పోయింది. శుభ్రం కోసం చేసిన పని ఇది. ఇందులో మోసం లేదు, బద్ధకం లేదు. నీటుగా పనిచేసే మనిషి చేసిన పొరపాటు.

ఇవన్నీ తెలిసి కూడా నేను, "ఇంకోసారి సూపెట్టు నాయినా" అన్నాను. ఆయన ముచ్చటపడి మళ్ళీ ముంచాడు. చెంబు ఎంత వాలుగా పడుతోందో, ఎంత లోతుకు పోతోందో నేను బొమ్మ గీయడానికి సరిపడా చూసుకున్నాను.

మర్నాడు బొమ్మ గీశాను. కాలువ, పైన తేలే మెత్తటి చుక్కలు, అడుగున దొర్లే ముతక చుక్కలు, వాలుగా ఒరిగిన మగ్గు. కింద ఇంగ్లీషులో రాశాను: ఆ కాలంలో లాండర్ పైభాగం నుంచి డిప్పర్‌తో, అంటే మగ్గుతో, శాంపిల్ తీసేవారు, అందువల్ల టెయిల్ లెక్కలు తప్పుగా తక్కువ వచ్చాయి, ఆ తప్పు లెక్కలను నమ్మి మిల్లును ముతకగా నడిపారు. ఆధారం దగ్గర "ఒక మాజీ ఆపరేటర్" అని పెట్టాను. పేరు రాయలేదు కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. విభీషణుడికైనా ఒక ధర్మం అడ్డం పెట్టుకోవడానికి ఉంది. నాకున్నదల్లా ఒక ప్రాజెక్టు.

సారు బొమ్మ చూసి ఎగిరి గంతేసినంత పనిచేశారు. కంపెనీవాళ్ళు ఫలితాలు వినడానికి వస్తున్నారని, ఆ రోజే మా నాయినకు శాలువా కప్పి సన్మానం చేద్దామని ఆయనే అన్నారు. "ఆ గనిలో పనిచేసిన పెద్దమనిషి, ఆయన కూతురే ఇప్పుడు అదే మట్టిలోంచి రాగి తీస్తోంది. ఎంత బాగుంటుందమ్మా!" అని ఆయన సంబరం. మనసులో కల్మషం లేని మనిషి, చెప్పింది నిజంగానే బాగుంది. నేను వద్దనొచ్చు. నాయినకు ఒంట్లో బాగాలేదని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. కానీ నాయిన సన్మానం అనగానే తెల్లచొక్కా ఇస్త్రీకి వేసేశాడు. అదీగాక నాకో ధైర్యం ఉంది. స్లైడ్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, మాటలన్నీ ఇంగ్లీషులో జరుగుతాయి. నాయినకు ఇంగ్లీషు రాదు. శాలువా కప్పించుకుని, సమోసా తిని, కూతుర్ని చూసి మురిసి ఇంటికొచ్చేస్తాడు అనుకున్నాను.

అంతకన్నా పెద్ద తెలివితక్కువతనం ఉంటుందా? ఆయనకు రాని ఇంగ్లీషు పేపర్లో వచ్చే ఇంగ్లీషు. మిల్లులో ఇంగ్లీషు ఆయనకు రావడమేమిటి, ఆయన దాంట్లోనే బతికాడు. లాండరు, టెయిలు, శాంపిలు, డిప్పరు, రికవరీ, షిఫ్టు. నేను ఏ మాటల వెనక దాక్కున్నాననుకున్నానో అవన్నీ నేను పుట్టకముందే ఆయన నోట్లో ఉన్న మాటలు.

ఆ రోజు నా స్కూటీ వెనక కూర్చుని నాచారం వచ్చాడు. దారంతా చుట్టూ చూస్తూ, "మౌలాలి గుట్ట గిక్కడికెల్లి మంచిగ కనవడ్తది" అన్నాడు. ల్యాబులో కొత్త తొట్టి చూపిస్తే దాని గాజు మీద చెయ్యి పెట్టి నురగ వంక చాలాసేపు చూశాడు. "బుడగలు ఎంత సన్నగున్నయి బిడ్డా, సబ్బు నురగ లెక్క. మాకు గివి ఉండుంటే" అని ఆగిపోయాడు. సారు దగ్గరుండి తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టారు. శాలువా కప్పారు, ఫొటోలు తీశారు, అందరూ చప్పట్లు కొట్టారు. నాయిన చేతులు జోడించి కూర్చున్నాడు.

తర్వాత నేను లేచి మాట్లాడటం మొదలుపెట్టాను. నూరడం గురించి, తుప్పు పొర గురించి చెప్పాను. తర్వాత పొరల దగ్గరికి వచ్చాను. బొమ్మ తెర మీద పడింది. నాయిన వంక చూడకూడదనుకుంటూనే చూశాను. ఆయన ముందుకు వంగి ఉన్నాడు. ఆ మగ్గును గుర్తుపట్టాడు. గుర్తుపట్టకపోవడానికేముంది, అది పాలకూర నీళ్ళలో ఆయన ముంచిన చెంబే. కింద అక్షరాలను పెదవులు కదుపుతూ ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నాడు. లాండర్ దగ్గర ఆగాడు. డిప్పర్ దగ్గర ఆగాడు. తర్వాత వెనక్కి జారగిలపడ్డాడు.

కంపెనీ తరఫున వచ్చిన పెద్దాయన తెలుగువాడే. చెయ్యెత్తి, "ఇది మీ ఊహా అమ్మా, లేక తెలిసిన సంగతా?" అని అడిగాడు.

"అప్పట్లో పనిచేసిన ఒక ఆపరేటర్ చెప్పారు సార్" అని నీళ్ళు నమిలాను.

సారు ఉత్సాహం పట్టలేకపోయారు. "ఒక ఆపరేటర్ ఏంటమ్మా, మీ నాన్నగారే కదా! ఇక్కడే ఉన్నారండీ. మీరే అడగండి" అన్నారు.

గదిలో ఉన్న తలలన్నీ నాయిన వైపు తిరిగాయి. ఆ క్షణంలో ఆయన ఒక్క మాట అంటే చాలు, నాకు గుర్తులేదు అంటే చాలు, నా నివేదిక నీరుగారిపోయేది, ఆయన బిందె ఆయనకు ఉండేది. అలా అంటే బాగుండునని నేను నిజంగా కోరుకున్నాను. అనకూడదని కూడా కోరుకున్నాను. రెండోదే ఎక్కువగా కోరుకున్నానని ఒప్పుకోకపోతే ఈ రాతంతా దండగ.

నాయిన లేచి నిలబడ్డాడు. శాలువా ఒక భుజం మీది నుంచి జారింది, సర్దుకోలేదు. "ఔ సార్. పైపైననే ముంచినం. అడుగు గెలకొద్దన్నరు, గెలకలె. నేనే ముంచిన, వేరే షిఫ్టులోళ్ళకు గూడ నేనే నేర్పిన. మా బిడ్డ రాసింది కరెక్టే" అన్నాడు.

పెద్దాయన తల ఊపాడు. "ఇంత నిజాయితీగా చెప్పేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారండీ" అని చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ కొట్టారు. శాలువా కప్పినప్పటికన్నా గట్టిగా కొట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. పని మాకే వచ్చింది. మళ్ళీ బజ్జీలు వచ్చాయి. నాయిన ఒకటి తీసుకుని, కొరికి, ప్లేటు అంచున పెట్టేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు శాలువాను మడిచి కవర్లో పెట్టుకుని ఒళ్ళో పట్టుకున్నాడు. నాచారం దాటి లోపలి గల్లీల్లోకి తిరిగాక, "జర ఆపు, చాయ్ తాగుదం" అన్నాడు. బండి దగ్గర రెండు చాయ్‌లు చెప్పాను. నాయిన సగం తాగి అడిగాడు.

"గా మర ముతకగ ఇసిరింది మావల్లనేనా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆయన కళ్ళలోకి చూస్తూ చెప్పలేకపోయాను. "ఔ నాయినా. కాగితం మీద అంతా మంచిగ కనవడ్డది కదా, అందుకే."

"అంటే బిందె ఇచ్చింది తప్పు పనికే అన్నట్టు."

"నీ తప్పు కాదు నాయినా. అట్ల ముంచుమని నీకు నేర్పినోళ్ళది. పద్ధతిది" అన్నాను.

"పద్ధతి సంగతి ఇడువు. తప్పైతే తప్పే, దానికేముంది, ఇప్పుడు నువ్వు తీస్తున్నవ్ గదా ఆ రాగి. మంచిదే." గ్లాసును అటూ ఇటూ తిప్పాడు. "నన్ను అడిగిననాడు, ఆఫీసుల రాయనీకి అని ఎందుకు చెప్పలె? చెప్తే నేను చెప్పకపోదునా? ఇంకా మంచిగ యాది చేసుకొని చెప్తుంటి. నేనేమో బిడ్డ నాతోని ముచ్చట వెడ్తున్నది అనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. చాయ్ బండి దగ్గర, మొహం అటు తిప్పుకుని ఏడ్చాను. తప్పయింది నాయినా అన్నాను. ఆయన నా వీపు మీద రెండుసార్లు తట్టాడు. "చల్, మీ అమ్మ సూస్తుంటది" అన్నాడు. ఆయనే డబ్బులిచ్చాడు.

ఇంట్లో ఏమీ మారలేదనిపించింది. శాలువాను అమ్మ అల్మారాలో పెట్టింది. బిందె గట్టు మీదే ఉంది, నాయిన రోజూ దాంట్లో నీళ్ళు నింపుతున్నాడు, దాంట్లోవే తాగుతున్నాడు. నాకు మాత్రం ఆ నీళ్ళు గొంతు దిగడం లేదు. ఎవరూ చూడకుండా ఫిల్టర్ దగ్గరే పట్టుకుని తాగి పైకి పోతున్నాను. సాయంత్రాలు ఆయన వరండాలోనే కూర్చుంటున్నాడు. "వచ్చినవా" అంటాడు. "వచ్చిన" అంటాను. మందు ఎక్కువైందా తక్కువైందా అనే మాట రావడం లేదు. నేనే ఒకరోజు, "ఇయ్యాల వాసన ఎక్కువుందా నాయినా?" అని అడిగాను. "ఏమో బిడ్డా, జలుబున్నది" అన్నాడు. జలుబు లేదు.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఒకటే అని సామెత. మా నాయిన ముందు వరసలోనే కూర్చున్నాడు, వడ్డించింది సొంత కూతురే. ఆయన విస్తట్లో ఏం పడిందో చూశాం కదా.

మొన్న సారు పిలిచారు. కుప్పను ఎక్కడినుంచి తవ్వడం మొదలుపెట్టాలో కంపెనీవాళ్ళు తేల్చుకోలేకపోతున్నారట. చెత్తనీళ్ళ గొట్టం ఏ ఏళ్ళలో ఏ దిక్కు నుంచి చెరువులోకి వదిలారో తెలిస్తే రాగి ఎక్కువున్న చోటు దొరుకుతుంది. "మీ నాన్నగారిని మరొక్కసారి అడుగమ్మా" అన్నారు. కుదరదు సార్ అనాల్సింది. సరే అన్నాను.

ఆదివారం పొద్దున కిందికి దిగాను. నాయిన బనీనుతో వంటింటి గుమ్మంలో నిలబడి బిందెలోంచి నీళ్ళు ముంచుకుంటున్నాడు. అమ్మ కంది పప్పు ఏరుతోంది. నేను తేలు కుట్టిన దొంగలా కాసేపు అక్కడే తచ్చాడి, చివరికి అడిగాను. "నాయినా, చెరువులకు గొట్టం ఏ దిక్కుకెల్లి వదిలేటోళ్ళు?"

ఆయన తాగడం ఆపాడు. గ్లాసు గట్టు మీద పెట్టాడు.

"ఇంటి మాటనా, ఆఫీసు మాటనా?"

అమ్మ పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు.

"ఆఫీసు మాట" అన్నాను.

తల ఊపి గదిలోకి వెళ్ళాడు. తెల్లచొక్కా వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని, తల దువ్వుకుని వచ్చాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని, నాకు ఎదురుగా ఇంకో కుర్చీ చూపించాడు. "ఇగ అడుగు" అన్నాడు.

అడిగాను. చెప్పాడు. మొదట గొట్టం ఎక్కడ ఉండేది, ఏ వానలకు కట్ట జారితే ఏ పక్కకు మార్చారు, ఆఖర్న ఎక్కడ ఆపారు, ఒకటొకటిగా, ఆగి ఆగి, నేను రాసుకునేదాకా వేచి ఉండి చెప్పాడు. తెలియనిచోట నాకు ఎర్క లేదు అన్నాడు. అడిగినదానికే జవాబు. కట్ట జారిన రోజు ఏమైందో, ఎవరు బురదలో పడ్డారో, క్వార్టర్లలో ఆడవాళ్ళు ఏమన్నారో, ఎప్పుడూ ఆ కథ చెప్పేటప్పుడు వచ్చే ముక్కలేవీ రాలేదు. నాకు కావలసినవన్నీ దొరికాయి.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది నాయినా."

లేచి, లోపలికి వెళ్ళి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, మళ్ళీ బనీనుతో వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. కాళ్ళు చాపుకున్నాడు. నా వంక చూశాడు. నేను లేవలేదు. ఇప్పుడు ఒక ఇంటి మాట అడుగుదామనుకున్నాను. అమ్మ ఏరుతున్న పప్పు వైపు చూశాను, వాకిలి వైపు చూశాను, గట్టు మీది బిందె వైపు చూశాను. ఎంత వెతుక్కున్నా ఒక్కటీ గుర్తుకు రాలేదు.